పరుగెత్తని ఉస్తాద్

మొన్న నా మోకాళ్లు చూసిన డాక్టరు, చిన్నప్పుడు ఆటలేమైనా ఆడేవారా అని అడిగితే, హాకీ ఆడాననీ, నా వల్ల ఎక్కువగా నష్టపోయింది మాత్రం మా జట్టేననీ ఒప్పేసుకున్నాను. ఇక మెట్లెక్కడం, దిగడం మానుకొమ్మన్నాడాయన. మందుచీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఆయన చూస్తుండగానే మెట్ల మీదుగా దిగి వస్తుంటే మా ఉస్తాద్ గుర్తుకొచ్చాడు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు అనుకుంటాను, ఐదో తరగతితోనే బడికి సలాం కొట్టి, మా మేనమామ వెంట బెల్లంపల్లి బొగ్గుబాయిలో పట్టాల మీది ఇనుప టబ్బుల్లోకి బొగ్గు నింపుతున్న రోజులవి. బాయి హాకీ జట్టుకు మామే కెప్టెన్. నిజాం ఫౌజు రద్దయ్యాక పని వెతుక్కుంటూ వచ్చాడు ఉస్తాద్. ఒకప్పుడు హైదరాబాదులో పేరుమోసిన ఆటగాడే గాని, అప్పటికే నలభై దాటి గడ్డం నెరిసింది. ఆట కోసమే ఆయనను పనిలో పెట్టుకున్న మేనేజరు దొర, మైదానంలో ఆయన పరుగెత్తకపోవడం చూసి, పక్కబాయి జట్టుతో పందెం ఆట ఓడితే పని నుంచి తీసేస్తానన్నాడు.

"ఉరుకనీకి గీ పోరగాండ్లున్నరు దొరా. నేను ఆడనీకి వచ్చిన" అన్నాడు ఉస్తాద్, కళ్లు దించకుండా.

మా జబ్బు వేరే ఉంది. బాయిలోంచి పైకి వచ్చి ఆకాశం కనబడితే చాలు, మా చేతులు ఆగేవి కావు. హాకీ కట్టె భుజం దాటి లేస్తే తప్పు కిందే లెక్క, ఈల మోగి బంతి ఎదుటివాళ్ల పాలయ్యేది. మాతో పాటు బాయిలో నడుం వంచి పార పట్టిన నాలుగు రోజులకే ఉస్తాద్ మర్మం కనిపెట్టాడు. నెత్తికి తగిలేంత కిందికి ఉన్న ఆ పైకప్పు కింద, పార భుజం దాటకుండానే మేం బొగ్గును టబ్బులోకి విసిరేవాళ్లం మరి.

"గీడ గూడ నెత్తి మీద పైకప్పు ఉన్నదనుకో బేటా. బంతి కాదు, బొగ్గుపెళ్ల అనుకో" అని రోజూ పోరేవాడు.

పందెం నాడు సమానంగా సాగిన ఆట ముగియవస్తుండగా, పక్కబాయివాళ్లంతా మా గోలు మీదికి ఎగబడ్డారు. బంతి నా కాళ్ల దగ్గర పడింది. అలవాటుగా కట్టె లేపబోతుంటే నడిమైదానం నుంచి ఉస్తాద్ "పైకప్పురా!" అని గర్జించాడు. వంగి, పారతో ఎత్తినట్టే ఎత్తి విసిరాను. బంతి అందరి తలల మీదుగా పోయి ఆయన ముందే పడింది. ఆయన ఒక్క తోపు తోస్తే, ఉరుకుతున్న మా మామ దాన్ని గోలులోకి కొట్టాడు. తీసేయడం మాట దొర మళ్లీ ఎత్తలేదు.

ఆ మైదానం ఇప్పుడు మట్టిగుట్ట కింద ఉంది. బొగ్గు యంత్రాలే నింపుకుంటున్నాయి, పార పట్టిన మా చేతుల నేర్పు మాతోనే పోతుంది కాబోలు. వయసు మళ్లినవాణ్ణి పక్కకు జరపడం ఇప్పుడు చిరునవ్వుతో, శాలువా కప్పి మరీ జరుగుతోంది. దొర కనీసం మొహం మీదే అనేవాడు.

పందెం గెలిచిన ఆ సాయంత్రం నోరూరుకోక, మేమంతా ఉరికి ఉరికి చస్తే మీరు నిలవడ్డ జాగ నుంచి కదల్లేదేంది ఉస్తాద్ అన్నాను.

"నువ్వు ఉరికినంతసేపు బంతి నిన్ను జూసి పారిపోయింది, నేను నిలవడితే నన్ను దేవులాడుకుంట వచ్చింది" అన్నాడాయన. "ఇగ నువ్వే చెప్పు బేటా, ఇంటికి పోవాల్సింది ఎవలు?"