చూపు తిప్పిన విగ్రహం

అదొక భయపెట్టే ప్రేమకథా సినిమా. తొమ్మిదిసార్లు చూశాను, అదీ ఒక్క ఘట్టం కోసం. పాడుబడ్డ నవాబుల భవనం, ఓ దేవిడీలోకి నాయకుడు దీపం పట్టుకుని వస్తాడు. చనిపోయిన ప్రియురాలి విగ్రహం మెల్లగా అతనివైపు చూపు తిప్పుతుంది.

చార్మినార్ బస్సులో ఫోన్‌లో మళ్లీ అదే చూస్తున్నాను. పక్కసీటు నడివయసు మనిషి తొంగిచూశాడు. ఆయన గోళ్లనిండా తెల్లటి పొడి.

"గ్రాఫిక్స్ మస్తు చేసిండ్రు కదన్నా," అన్నాను, అంతా తెలిసినట్టు.

"ఏం గ్రాఫిక్స్ భాయ్? గా బొమ్మ నేను చేసిన. కనుగుడ్లు పెట్టలే, లోపలికి గుంతలు తీసిన. దీపం కదిలితే గుంతలల్ల నీడ కదుల్తది, గంతే."

ఆ ఘట్టం వెనక్కి జరిపి చూశాను. నిజమే. తొమ్మిదిసార్లు చూసిన నాకు ఆ గుంతలు కనబడనేలేదు.

"సినిమాల నీ పేరేసిండ్రా అన్నా?"

"లే. పేరుకేముంది!" దిగడానికి లేచాడాయన. "మాది ధూల్‌పేట్. చిన్నప్పటిసంది వినాయకులనే చేస్తున్న. ఏటా అన్నీ నీళ్లల్ల కలుస్తయి. గిదొక్కటే మునగలే."

ఛాతీ విరుచుకుని దిగిపోయాడు.

ఆనాటి నుంచి, మా వీధి మీదుగా నిమజ్జనానికి వెళ్లే ఏ వినాయకుడినీ కళ్లలోకి చూడకుండా పంపలేదు.