పోలేరయ్య విడిగా తీసిన చేపలు

నలభై ఎనిమిదేళ్ల పోలేరయ్య కళ్లు మూసుకొనైనా పడవను ఏరు సముద్రంలో కలిసే మొగలోకి తెస్తాడని మా బోగోలంతా కోతలు కోసింది అతడి పడవలో వల లాగే నేనే. ఆ కోత నన్నే ముంచబోయింది. అలలు లేస్తుంటే, ఒడ్డున గుర్తుగా చూసుకునే చర్చి గోపురాన్ని ఏ వైపు ఉంచుకొని మళ్లాలో అతడికి గుర్తు రాలేదు.

"ఎడమకా, కుడికా? చెప్పన్నా, మునిగిపోతాం!" అంటూ అతడి తమ్ముడు గణేష్ చుక్కాని లాక్కున్నాడు. గట్టెక్కాం.

పోలేరయ్యను ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ పరీక్షలు చేసి, "ఇరవై ఏళ్లుగా ఏం తింటున్నావు?" అంది.

"పరోటాలు, బజ్జీలు. మంచి చేపలన్నీ అమ్మేస్తాం గదమ్మా."

"బీపీ, షుగరు పెరిగాయి. వాటివల్ల మెదడుకూ దెబ్బ తగిలుంటుంది, అందుకే ఈ మరుపు. ఆ నూనె తిండి మాని, మీరు పట్టే చేపలు తింటే ఇంకా చెడకుండా ఆపొచ్చేమో. ఆర్నెల్లకు చూస్తా. అందాకా చుక్కాని పట్టొద్దు."

మర్నాడు వల లాగగానే పోలేరయ్య గుప్పెడు కవళ్ల చేపలు విడిగా తీశాడు. "ఇవి వేలానికి గాదు, ఇంటికి," అన్నాడు. చూపు మాత్రం గణేష్ పట్టిన చుక్కానిని వదల్లేదు.