విభూతిలో ఎర్రటి గీత

పుంగనూరులో నా చిన్నప్పుడు, వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన ముత్తైదువులకు కుంకుమ పెట్టే పని మా అమ్మ నాకు అప్పజెప్పేది. పట్టు పావడా సవరించుకుంటూ అందరి ముందూ తిరగడం నాకెంతో గొప్పగా ఉండేది.

ఒక ఏడు పక్కింటి అక్క తెల్లవారకముందే వచ్చి మా వంటింట్లో ఓళిగలు, అంటే బొబ్బట్లు, కాలుస్తూ కూర్చుంది. అంతకుముందు వేసవిలో కుప్పం దారిలో లారీ బోల్తాపడి ఆమె భర్త పోయాడు. ఆయన లేడని నాకు తెలుసు గాని, ఆయనతో పాటు ఆమె బొట్టు కూడా పోయిందని తెలియదు. పొయ్యి సెగకు చెరిగిపోయిందనుకున్నాను. గుగ్గిళ్ళ గిన్నె అందించడానికి ఆమె గడప దాకా వచ్చినప్పుడు, కుంకుమలో వేలు ముంచి ఆమె నుదుటి వైపు చాచాను.

మా మేనత్త నా మణికట్టు పట్టేసింది.

"కండ్లు ల్యావా పాపా నీకు? ఆయమ్మికి యాల పెడతాండావు?"

గదిలో వాళ్ళంతా నా వైపు తిరిగి చూశారు. మా అమ్మ తల దించుకుంది. ఏం తప్పు చేశానో తెలియకుండానే నా ఒళ్ళంతా కుంచించుకుపోయింది.

"పాపనేమీ అనొద్దు పెద్దమ్మా," అంది అక్క నిదానంగా. "విబూది తెమ్మని నేనే సెప్తిని. తొందర్లో ఈ భరిణ తెచ్చినట్టుండాది."

నిజానికి ఆమె నాతో విభూతి మాటే ఎత్తలేదు. నా మీద పడిన చూపులన్నీ తన మీదికి తిప్పుకుంది.

నన్ను దేవుడి గదిలోకి తీసుకుపోయి విభూతి గిన్నె నా ముందు పెట్టింది. "కాలేవన్నీ కాలిపోయినాంక మిగిలేది ఇదేనమ్మా. దీన్ని ఇంగ ఎవురు కాలుస్తారు? ఇది ఎవురికైనా పెట్టచ్చు. పెట్టు."

ఏడుస్తూనే పెట్టాను. నా వేలికి కుంకుమ అలాగే ఉంది. తెల్లటి విభూతి నడుమ సన్నగా ఎర్రటి గీత పడింది. భయపడి తుడవబోయాను. అక్క అద్దంలో చూసుకుని నా చెయ్యి పట్టి ఆపింది. ఆ నుదుటితోనే గడప దాటి వచ్చి అందరికీ ఓళిగలు వడ్డించింది. మా అత్త చూసి, విస్తరి వైపు తల తిప్పుకుంది.

అంతమందిమి ఆమె చేతి వంట తిన్నాం. ఆమెకొక పీట వేసినవాళ్ళం ఒక్కరమూ లేము. అది తలచుకుంటే నాకు ఈ వయసులోనూ తల ఎత్తబుద్ధి కాదు.

ఇప్పుడు మదనపల్లెలో మా ఇంట పేరంటానికి ఏ ఆడమనిషి వచ్చినా పీట వేసి, మొదట విభూతే పెడతాను. మనసులో ఆ అక్కకు దండం పెట్టుకుంటాను. వేలికి కుంకుమ అంటుకుని ఉంటే మాత్రం తుడుచుకోను.