నా కారు సెట్టింగు, మా అమ్మ బియ్యం బస్తా

పరువు పోవడానికి కొందరికి ఒక్క క్షణం చాలు. నాకు మాత్రం నెల పైగా శ్రమ పట్టింది. కంప్యూటర్లో ఒక కారుని బాగుచేయబోయి, చివరికి దూది గడ్డం పెట్టుకుని బూర్గంపాడులో గంతులేశాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

మాది టేకులపల్లి. రేసుల గేమ్ కోసం స్టీరింగు, పెడల్స్ కొని బల్లకి బిగించుకున్నాను. కూర్చోవడానికి కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ. నా పిచ్చి అంతా డ్రిఫ్టింగ్ మీద. అంటే మలుపులో వెనక టైర్లు జారుతుంటే కారుని అడ్డంగా నడుపుకుంటూ పోవడం. కారేపల్లిలో ఉండే మా మేనత్త కొడుకు సైమన్ బావకీ అదే పిచ్చి.

ఒక నవంబరులో మా చర్చి కుర్రాళ్ళు మా ఇద్దరికీ పందెం పెట్టారు. ఓడినవాడు క్రిస్మస్ తాత వేషం కట్టి, క్యారల్స్‌తో ఇంటింటికీ తిరిగి డప్పుకి ఆడాలి. మామూలుగా అయితే ఆడేసేవాణ్ణే. కానీ క్యారల్స్ బూర్గంపాడు దాకా వెళ్తాయి. అక్కడ సునీత ఉంది. మాకు సంబంధం మాట్లాడుతున్నారు, ఇంకా చూపులు కాలేదు. ఆ అమ్మాయికి మొదటిసారి దూది గడ్డంతో కనబడటం కన్నా గోదాట్లో దూకడం నయమనిపించింది.

చిక్కేమిటంటే, నా కారు ఎంతకీ జారదు. ఎడ్లబండిలా బుద్ధిగా పోతుంది. తప్పు సెట్టింగుదే అని తేల్చాను. వెనక టైర్లలో గాలి పెంచాను. జారలేదు. ఇంజన్ బలం పెంచాను. కాస్త కదిలింది. పులుసులో ఉప్పు చూసినట్టు రోజూ రుచి చూసి, మరికాస్త వేస్తూ పోయాను.

ఒకరోజు అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"బండి ముందుకు పోతాంది, నువ్వేంది బిడ్డా ఎనుకకు పోతున్నవ్?"

"యాక్సిలరేటర్ తొక్కితే ఒళ్లు ఎనుకకే పోతదమ్మా. ఫిజిక్స్."

"గోడ దాక పోతదా?"

"స్పీడును బట్టి."

అమ్మ నమ్మి వంటింట్లోకి పోయింది. నన్ను డిగ్రీ చదివించింది తనే కదా.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి జారడంతో పెడల్ సగమే దిగేది. ఆ సగం తొక్కుడుకే కారు జారేలా నేను ఇంజన్‌ని రాక్షసిని చేసి కూర్చోబెట్టాను. పందెం ముందు రోజుకి కారు వెన్నలా జారింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

పందెం మధ్యాహ్నం కుర్రాళ్ళంతా మా ఇంట్లో చేరారు. బావ కారేపల్లి నుంచే ఆడుతూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. కారు బొంగరంలా తిరిగిపోకుండా ఎక్కువ దూరం అడ్డంగా నడిపినవాడిదే గెలుపు. బావ ఓ మోస్తరుగా నడిపి ముగించాడు. నా వంతు వచ్చింది. అమ్మ నా కోసం ప్రార్థన చేసి, ఊరుకోకుండా బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి కుర్చీ వెనక ఆనించింది.

"గిప్పుడు కదలదు. మంచిగ తొక్కు బిడ్డా."

తొక్కాను. జీవితంలో మొదటిసారి ఆ పెడల్ పూర్తిగా దిగింది.

కారు ముందుకు పోలేదు. ఉన్నచోటే తిరగలిలా తిరిగింది. తెరంతా పొగ.

"కాలు తియ్‌రా!" అని కుర్రాళ్ళు అరిచారు. తీసి మళ్ళీ తొక్కాను. మళ్ళీ తిరిగింది.

ఫోన్లో బావ అడిగాడు. "అరే, ఏం సెట్టింగు పెట్టినవ్ రా?"

"నువ్వేం పెట్టినవ్ బావా?"

"నేనేం ముట్టలే. గేమ్ల ఎట్లుందో గట్లనే నడిపిన."

అమ్మ బస్తాని తృప్తిగా తట్టింది. "కుర్చీ అయితే కదల్లే గద?"

అప్పుడు కిందికి, కుర్చీ చక్రాల వైపు చూశాను. అప్పటికే నా కొలతలకి ఎర్ర అంగీ కుట్టించే మాటలు మొదలయ్యాయి.

బూర్గంపాడులో సునీత వాళ్ళ వాకిట్లో డప్పు మోగింది. నాకు ఆట రాదు కాబట్టి గిరగిరా తిరిగాను. కళ్ళు తిరిగి వాళ్ళ నాన్న మీద పడ్డాను. గడ్డం ఆయన చేతిలో ఉండిపోయింది. సునీత కేకుల పళ్లెం పట్టుకుని, నవ్వకుండా అడిగింది.

"గేమ్ల గూడ గిట్లనే తిరిగిన్రట గదా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని పెద్దల సామెత. నేను కుర్చీ చూసుకోక కారు ఓడన్నాను, ఆ పైన మద్దెల ముందు ఆడాను కూడా. సునీత ఇప్పుడు నా భార్య. అత్తాకోడళ్ళకి మాట కలిసేది ఈ కథ దగ్గరే. కనుక సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద మా అమ్మ ఫిజిక్స్‌లో ప్రశ్న అడిగితే, ముందు వంగి కుర్చీ కింద చూసి, ఆ తర్వాతే జవాబు చెబుతాను.