గోడవైపు తిరిగే అన్న

దేవరకొండలో ఫోన్లు బాగుచేసే అన్న, మనం లాకు నంబరు నొక్కేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. అక్కడ పాత ఎరువుల క్యాలెండరు తప్ప చూడ్డానికేమీ లేదు.

భూసేకరణ మీద మా రైతుల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన జోకుకు అందరూ నవ్వారు, ఎవరి ద్వారానో అది విన్న కానిస్టేబులు తప్ప. అతను దుకాణానికొచ్చేసరికి నా ఫోను అన్న చేతిలో ఉంది.

"వీని ఫోన్ తెరువు. గ్రూపుల ఏ రైతులున్నరో చూడాలె."

"కోర్టు కాయిదం ఉన్నదా సార్?"

"నన్నే అడుగుతవా? దుకాణం ఉండాల్నా, వద్దా?"

"ఉండాలె సార్. ఫోన్లు నమ్మి ఇస్తరు గద."

నేను ధైర్యంగా ఫోను కవర్ల రంగులు పరిశీలించాను.

కానిస్టేబులు ఎస్సైకి చెబుతానంటూ సొంత ఫోను తీశాడు. లాకు నంబరు నొక్కబోతుంటే అన్న అలవాటుగా గోడవైపు తిరిగాడు.

"ఏందిరా గట్ల తిరిగినవ్?"

"మీదైనా గంతే సార్."

అతని వేలు ఆగిపోయింది. "కాయిదం తెస్త," అని వెళ్లిపోయాడు.

ఎరువుల క్యాలెండరుకు దండం పెట్టిన మొదటి మనిషిని నేనే.