ఇరవైకి ఏ పక్క

మా బిడ్డ గుండె కండరంలో ఇనుము ఎంత చేరిందో కొలిపించాలని హైదరాబాద్ డాక్టరమ్మ అన్నప్పుడు నాకు భయం కన్నా ముందు కుతూహలం పుట్టింది. కొలవడమే నా పని. బాన్సువాడ చుట్టుపక్కల వంకర చెలకలు, మూడు మూలల మడులు గొలుసుతో కొలిచి ఎకరాలు గుంటలుగా తేల్చేవాణ్ని. ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పాక పాత లెక్కల పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను.

బిడ్డకు తలసీమియా. తొంభైలలో, ఏడాది నిండకముందే తేలింది. మూడు వారాలకోసారి నిజామాబాద్ తీసుకుపోయి రక్తం ఎక్కించేవాళ్లం. ఎక్కించిన ప్రతిసారీ కొంత ఇనుము ఒంట్లో చేరుతుంది. దానంతట అది బయటికి పోదు. దాన్ని పోగొట్టే మందును చిన్న పంపుతో ఎక్కించాలి. పొట్ట చర్మంలో సూది గుచ్చి, నడుముకు పెట్టె కట్టుకుని, తెల్లవార్లూ వెల్లకిలా పడుకోవాలి. వారానికి ఆరు రోజులు. పొట్టంతా గట్టిగా గడ్డలు కట్టి ఉండేది.

రక్తపరీక్షలో ఇనుము నంబరు నాలుగు వేలు ఉన్నది, ఆమెకు పదహారేళ్లు వచ్చేసరికి రెండు వేల వందకు దిగింది. గళ్ల కాగితం మీద నేను వేసిన గీత కిందికి వాలుతుంటే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం. అయినా రక్తంలో తగ్గినంత మాత్రాన గుండెలో తగ్గినట్టు కాదని, కొత్తగా వచ్చిన ఎమ్మారై స్కాన్ చేయించమని డాక్టరమ్మ రాసింది.

స్కాన్ చేసేచోట బిడ్డను సొరంగం లాంటి యంత్రంలోకి పంపి, ఊపిరి బిగబట్టమని, వదలమని మైకులో చెప్తున్నారు. అది అయ్యాక ఆపరేటర్ తెర మీద గుండె నడిమి గోడలో చిన్న చుట్టు గీశాడు.

"అంచు దాకా ఎందుకు గీస్తలేవు తమ్మీ?" అన్నాను.

"అంచు మీద గీస్తే పక్కనున్న రక్తం గూడ లెక్కల కలుస్తది కాకా."

నాకు నచ్చింది. గట్టు మీద గొలుసు వేస్తే పక్కవాడి భూమి కలిసినట్టే. ఇతను పని తెలిసినవాడు అనుకున్నాను.

"మంచికీ చెడుకూ గీత ఎక్కడుంటది?"

"ఇరవై" అని చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు.

చేతికొచ్చిన కాగితంలో తొమ్మిది అని ఉంది. డాక్టరమ్మ ఊళ్లో లేదు, మూడు వారాల తర్వాత రమ్మన్నారు.

బస్సులో బిడ్డకు చెప్పాను. "ఇరవై దాక ఫికర్ లేదట. నీది తొమ్మిదే."

"అయితే ఇగ పంపు బంద్ పెట్టొచ్చా బాపూ?"

"బంద్ కాదు. వారానికి రెండు రోజులు పెట్టుకో, సాలు."

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది. "డాక్టరమ్మ చెప్పిందా, నువ్వే చెప్తున్నవా?"

"నంబరు చెప్తలేదా?"

మర్నాడు పొద్దున చూస్తే బిడ్డ బోర్లా పడుకుని నిద్రపోతోంది. ఆమెను అలా చూసి ఎన్నేళ్లయిందో.

నాకు మాత్రం మనసు ఒకచోట నిలవలేదు. ఇనుముకు బరువుండాలి కదా, తొమ్మిది పక్కన ఉన్న అక్షరాలు బరువువి కావు. బిచ్కుందలో తెలిసిన సైన్సు పంతులుకు చూపిస్తే, అవి సెకండులో వెయ్యోవంతులు అన్నాడు. ఇనుమును కాలంతో కొలవడమేంది? పెద్ద కొడప్‌గల్‌లో చెలక కొలుస్తూ ఒకే గట్టును రెండుసార్లు రాసుకున్నాను. రైతు నవ్వాడు. హైదరాబాద్‌కు ఫోన్ చేసి అడగవచ్చు. రోజూ ఎస్టీడీ బూత్ ముందు నుంచే పోయేవాణ్ని, లోపలికి పోలేదు. అడిగితే ఏం చెప్తారో అని.

మూడు వారాలకు డాక్టరమ్మ కాగితం చూసి కళ్లద్దాలు తీసింది.

"ఇరవైకి పైన ఉండాలె. తొమ్మిదంటే గుండెల ఇనుము శానా ఉన్నట్టు."

"తక్కువుంటే మంచిది కాదా మేడం?"

"కాదు. యంత్రానికి గుండె కండరం నుంచి సిగ్నల్ వస్తది. ఇనుము ఎక్కువుంటే అది జల్ది ఆరిపోతది. ఎంతసేపట్ల ఆరిందో చెప్పేదే గీ నంబరు." తర్వాత బిడ్డ వైపు తిరిగింది. "గుండె ఇంకా మంచిగనే కొట్టుకుంటుంది, గందుకే ఇప్పుడే జాగ్రత్త పడాలె. పంపు రోజూ పెట్టుకుంటున్నవా?"

"పెట్టుకుంటున్న మేడం" అంది బిడ్డ, నా వైపు చూడకుండానే.

నోరు మూసుకుని ఉంటే నా పరువు నిలిచేది. కానీ ఆ మాట మీదే డాక్టరమ్మ మందు లెక్క కడుతుంది, కలం తీసింది కూడా.

"అబద్ధం మేడం. పన్నెండు రోజులు పెట్టుకోలేదు. నేనే వద్దన్న."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పంపు వారానికి ఏడు రోజులు చేసింది, దానికి తోడు పొద్దూమాపూ మాత్రలు రాసింది.

సెకండుకు వెయ్యి వంతులు కదా అని తిరుగు బస్సులో వెయ్యిని తొమ్మిదితో భాగించాను, నూట పదకొండు. ఇరవైతో భాగిస్తే యాభై. అలా తిరగేస్తే అంకె పెరిగే కొద్దీ ఇనుము పెరిగినట్టు. ఉండాల్సిన గీతకు రెండింతలు దాటి ఉన్నాం.

బిడ్డ కిటికీలోంచి చూస్తూనే అంది. "ఊరందరి భూమి కొలుస్తవ్. గీతకు ఏ పక్క మంచిదో గా స్కాన్ తీసినాయనను అడగకపోతివి."

"అడగలే బిడ్డా."

"అమ్మకు నువ్వే చెప్పు. నేన్జెప్ప."

చెప్పాను.

ఏడాది తర్వాత మళ్లీ స్కాన్. ఈసారి కాగితం బిడ్డే తీసుకుంది, నాకు ఇవ్వలేదు. నేరుగా డాక్టరమ్మ ముందు పెట్టింది. పదమూడు. ఇంట్లో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేశాను.

"పెరిగింది" అన్నాను.

"పెరిగితే మంచిదా, చెడ్డదా? సక్కగ చెప్పు."

"మంచిదే. సాలదు. ఇంకా ఏడు పెరగాలె."

"ఎన్నడు పెరుగుతది?"

ఏడాదికి నాలుగు చొప్పున ఏడుకు ఎన్నాళ్లో నా నోటిదాకా వచ్చింది. గుండె నుంచి ఇనుము ఏటా ఒకే తీరుగా పోదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

"తెల్వదు" అన్నాను.