ముడికెంత?

నానక్‌రామ్‌గూడలో నేనుండే ఫ్లాటు బాల్కనీకి ఎదురుగా ఒక అద్దాల మేడ ఉంది. ఇద్దరు మనుషులు తాళ్లకు వేలాడుతూ దాన్ని కడుగుతారు. నిన్న పొద్దున మంచులో వాళ్లు కనబడలేదు. తాడు గోడ అంచుకు రాసుకునే చప్పుడు మాత్రం వినిపించింది. కిర్రు, కాసేపు మౌనం, మళ్లీ కిర్రు. కళ్లు మూసుకుంటే మేడ మెల్లగా కరిగిపోయింది. దాని కింద ఎక్కడో పూడిపోయిన మా చేదబావి గిరక తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వెనకే మా బడి యాదగిరి సారు నడిచి వచ్చారు.

అవి నలభైల చివరి సంవత్సరాలు, నిజాం కాలం. నాకు పదకొండేళ్లు. లెక్కల పుస్తకం ఉర్దూలో ఉండేది. సారు దాన్ని మా మాటలోకి దించి చెప్పేవారు. గదికన్నా బయటి బండలే ఆయనకు ఇష్టం. పొద్దుటి ఎండకు వెచ్చబడ్డ బండ మీద ఒక్కొక్కరికి ఒక్కో చోటు. లెక్క మొదలుపెట్టే ముందే "అందాజ చెప్పు" అనేవారు. ఆ అంచనాను బొగ్గుతో రాయాలి. అది తప్పని తేలినా తుడపకూడదు, ఎందుకు తప్పిందో పక్కనే రాయాలి. వాన పడేదాకా మా తప్పులన్నీ అక్కడే ఉండేవి. మబ్బుల నీడలు వాటి మీదుగా నింపాదిగా నడిచి వెళ్లేవి.

ఆ ఎండాకాలం మా బావి తాడు పుచ్చి తెగి, బొక్కెనతో సహా నీళ్లలో పడింది.

"పాత తాడు ఇర్వై నాలుగు మూరలుండె. నువ్వే పేను బిడ్డా, లెక్కలొస్తయి గదా నీకు" అన్నాడు నాన్న, గొప్పగా, నలుగురూ వినేటట్టు.

రెండు రోజులు జనుపనార పేనాను. ఇరవై నాలుగు మూరలు కొలిచి ఇచ్చాను. వాడకట్టు ఆడవాళ్లంతా చూస్తుండగా కొత్త బొక్కెన దించాం. అది నీటికి చాలా పైన ఆగి, గాలిలో ఊగుతూ ఉండిపోయింది.

"మంగళారం నార ముట్టింది తమ్మీ! అందుకే తాడు గుంజుకపోయింది" అంది మా మేనత్త. "ఆడపోరికి సదువేందని నేను అప్పుడే చెప్పిన."

పదిమందిలో తల వంచుకున్న నాన్న, "ఇగ చాలు. రేపటి సంది బడి బంద్" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. మంగళవారం తాడును ఎట్లా కురచ చేస్తుందని ఒళ్లు మండింది. ఏమో, చేస్తుందేమోనన్న భయం అంతకన్నా ఎక్కువగా మండింది.

సాయంత్రం సారు వచ్చారు. తాడు వైపు చూడనైనా లేదు. "మల్లయ్యా, జర చెయ్యి చాపు. బిడ్డా, నువ్వు గూడ." అరుగు మీద మా మోచేతులు రెండూ పక్కపక్కన ఆనించారు. నా వేలి కొస నాన్న వేళ్ల మొదట్లోనే ఆగిపోయింది.

"పాత తాడు కొలిచిందెవరు?"

"నేనే" అన్నాడు నాన్న.

"కొత్తది?"

"నేను" అన్నాను.

సారు మేనత్త వైపు తిరిగారు. "మంగళారం చెయ్యి గింత పొట్టిదా అక్కా?"

నాన్న ముందు నవ్వాడు. తర్వాత మేనత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంకెంత పేనాలె? అందాజ ముందు."

బొగ్గుతో అరుగు మీద ఆరు అని రాశాను. గోడ మీద గీసి చూస్తే నా మూరలు నాలుగు నాన్నవి మూడు. అంటే నేను పేనింది ఆయన లెక్కన పద్దెనిమిది. తక్కువైంది ఆరు. అవి నా మూరల్లో ఎనిమిది.

"ఎనిమిది!"

"ఖరారా?"

"ఖరారే సారూ!"

ఆయన లేస్తూ, చెప్పులు తొడుక్కుంటూ అడిగారు. "ముడికెంత?"

రెండు తాళ్లను కలిపే ముడి కూడా కొంత తాడును తింటుంది. పుస్తకంలో తాళ్లకు ముడులుండవు. ఆ ఆరును తుడపకుండా, మిగిలిన నారతో ఒక ముడి వేసి, అంచుల్లో బొగ్గు గుర్తులు పెట్టి, విప్పి కొలిచాను. ఒక మూర. తొమ్మిది మూరలు పేనాను.

మర్నాడు బొక్కెన దిగుతూనే ఉంది. చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత చీకట్లో ఎక్కడో నీళ్లు బుడుంగుమన్నాయి. నాన్న నా వైపు చూడకుండా తాడు చేదుతూ, "బడికి టైం అయితలేదా?" అన్నాడు.

ఆ తర్వాత ముహూర్తాల మీద, జాతకాల మీద ఎన్నో సభల్లో, వ్యాసాల్లో వాదించాను. ఎదుటివాళ్ల మాటల్లో మంగళవారాన్ని పట్టుకోవడం నాకు కష్టం కాలేదు. నా లెక్క చక్కగా కుదిరి, చప్పట్లు మోగబోయే క్షణాన ఆగడమే కష్టం. ముడి గిరక మీదికి వచ్చినప్పుడల్లా తాడు ఒక్క ఎగురు ఎగిరేది. వ్యాసానికి చివరి చుక్క పెట్టబోతుంటే ఆ ఎగురు ఇప్పటికీ నా చేతికి తగులుతుంది. కలం ఎత్తి, మళ్లీ మొదటి వాక్యానికి వెళతాను.